క్లిక్కయ్య కుర్చీలో కూర్చున్నవారు

మనుషుల ముఖాలను ఫోటోలు తీసే వృత్తిలోకి దిగి ఆరు నెలలు నిండినా, క్లిక్కయ్య ఇంటి గడప దాటి వచ్చి, అతని కుర్చీలో కూర్చున్న పరాయి మనిషి ఒక్కరూ లేరు. అతనికి అసలు పేరొకటి ఉండేది. కెమెరా కొన్న మరునాటి నుండి కన్నతల్లి కూడ దానిని వాడడం మానివేసింది.

వీధివైపు కిటికీ ఉన్న ముందుగదిని అతడు స్టూడియోగా మార్చుకొన్నాడు. గోడకు బూడిదరంగు గుడ్డ, మూలన గొడుగు తగిలించిన పెద్ద దీపం, నట్టనడుమ ఎత్తైన కుర్చీ. ఆ కుర్చీ ఉన్నచోటనే అంతకుముందు అతని భార్య కుట్టుమిషను ఉండేది. స్టూడియో వెలసిన నాడు మిషను వంటగదికి తరలిపోయింది. నాటి నుండి వంటలో దారప్పోగులు, కుట్టిన చొక్కాలకు వేపుడు వాసన. బట్టలిచ్చినవారు వాటిని ముక్కు దగ్గర పెట్టుకొని చూడడం మొదలుపెట్టిన తరువాత ఆ ఇల్లాలి ఓర్పు అడుగంటింది.

“ఈ ఆదివారం లోపల మనింటివాళ్ళు కాని మనిషి ఎవరైనా, తన కాళ్ళతో తాను నడిచొచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలి. లేదంటే సోమవారం పొద్దున్న నా మిషను నా గదిలోకి వస్తుంది. మీ గొడుగూ దీపమూ అటకెక్కుతాయి,” అని ఆమె తేల్చి చెప్పింది. అది ఉత్త బెదిరింపు అనుకొనడానికి వీలులేదు. అప్పటికే టేపు తెచ్చి గోడ కొలుస్తున్నది.

ఊరందరికీ ఫోటోలు కావాలి కాని, క్లిక్కయ్య తీసినవి కావాలని ఎవరికీ తోచలేదు. దానికి అతడు చేయగలిగినదల్లా మాట్లాడడమే. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలంటారు. క్లిక్కయ్య నోరు ఊరికంటె పెద్దది.

శుక్రవారం సాయంకాలం బస్టాండు పక్కనున్న టీకొట్టులో, బావమరిదిని వెంటబెట్టుకొని కూర్చున్నాడు. ఆ బావమరిది కరెంటాఫీసులో గుమాస్తా. దళసరి మీసం, పలుచని తెలివి. క్లిక్కయ్య దారినపోయే వాళ్ళను చెయ్యి పట్టుకొని లాక్కుపోయి కుర్చీలో కూలవేస్తాడేమోనన్న అనుమానంతో, అక్కగారే అతనిని సాక్షిగా పంపింది. కొట్టు నడిపేది అందరూ పిన్ని అని పిలిచే ముసలావిడ. బల్లకు ఆ చివర, బయలుదేరవలసిన బస్సును ఎదురుగా నిలబెట్టుకొని, కండక్టరు తీరికగా టీ ఊదుకొంటున్నాడు.

సరిగ్గా అప్పుడే బడి పెద్ద టీచరుగారు గొడుగు ముడుచుకొంటూ వచ్చి బల్లమీద కూర్చున్నది. క్లిక్కయ్య చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. ఆమె ఈ నెలాఖరుకు ఉద్యోగ విరమణ చేస్తున్నదని, బడి హాలులో పూర్వపు ప్రధానోపాధ్యాయుల ఫోటోల వరుసలో ఆమె కోసం మేకు కూడ కొట్టేశారని, ఖాళీ మేకును పిల్లలు రోజూ చూసి నవ్వుకొంటున్నారని ఊరంతటికీ తెలుసు.

“ఎక్కడికి టీచరుగారూ ప్రయాణం?” అని పిన్ని అడిగింది.

“పెద్ద బజారులో ఫోటో స్టూడియోకి. ఈ బస్సెప్పుడు కదులుతుంది బాబూ?”

“టీ అయిపోగానేనండీ,” అన్నాడు కండక్టరు.

అంటే ఆ గ్లాసు అడుగంటేవరకే క్లిక్కయ్యకు గడువు. “పిన్నీ, మా కండక్టరుకి ఇంకో టీ, నా లెక్కలో!” అని అరచి, గొంతు సవరించుకొని, కండక్టరుతో మాట్లాడుతున్నట్లు నటిస్తూ టీచరుగారి చెవిలో పడేటట్లు మొదలుపెట్టాడు.

“అబద్ధమెందుకు చెప్పాలి గురూ, మొదట్లో నేనూ మనుషులు దొరక్క తిప్పలు పడ్డవాణ్ణే. ఫోటో తీస్తాను కూర్చోండీ అంటే, పని లేదా అన్నట్టు చూసేవాళ్ళు. అప్పుడు నాకొకటి తట్టింది. కుర్చీ తీసుకెళ్ళి వీధిలో వేశాను. మనిషి నైజం ఏమిటి? ఖాళీ కుర్చీ కనబడితే కూర్చుంటాడు. తపాలా ఆయన వచ్చాడు, కొత్త చెప్పు కరుస్తోందని కూర్చున్నాడు. మాటల్లో పెట్టాను, ఒక్కటంటే ఒక్క ఫోటో తీశాను, కిటికీలో పెట్టాను. అంతే.”

“అంతేనా?” అన్నాడు కండక్టరు. నిరుత్సాహపడినట్లే ఉన్నది అతని గొంతు.

“అంతే అనుకున్నాను నేను కూడా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారేసరికి వీధికుక్క ఒకటి ఆ ఫోటోని చూసి కిటికీ అద్దం మీదకి దూకింది. సరేలే కుక్క కదా అనుకున్నాను. పదింటికల్లా మనుషులు మొదలెట్టారు. నమస్కారమండీ అంటారు ఫోటోకి! మా అబ్బాయి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా అంటారు ఫోటోని! నిజం మనిషి పక్కనే సంచీ పట్టుకుని నిలబడితే, కొంచెం జరగవయ్యా, తపాలా ఆయనతో మాట్లాడుతుంటే అడ్డమేమిటీ అంటారు.”

“మరి ఫోటో ఏం చెప్పేదయ్యా?” అన్నది పిన్ని.

“చెప్పాలా పిన్నీ? ఉత్తరం రాలేదన్న సంగతి మొహంలోనే తెలిసిపోయేది. అంత స్పష్టంగా తీశాను! చివరికి పై ఆఫీసు నుంచి దొరలు వచ్చి చూసి, ఇంత ఓర్పుగా నిలబడే మనిషి మాకు లేడని ఫోటోకి పదోన్నతి ఇచ్చి వెళ్ళారు. ఆయన మాత్రం పాపం, పాత ఉద్యోగంలోనే ఉన్నాడు.”

“గొడుగు నేనే పట్టుకున్నాను,” అన్నాడు బావమరిది. సాక్ష్యం చెప్పవలసి వచ్చినప్పుడల్లా అతడు ఆ ఒక్క మాటే చెప్పేవాడు.

టీచరుగారు కళ్ళజోడు పైనుండి ఒకసారి చూసి, మరల వీధివైపు తిరిగింది. అయినా ఆమె తల కొద్దిగా ఇటే వాలి ఉన్నదని క్లిక్కయ్య గ్రహించాడు. పిల్లి పాల గిన్నెను చూడనట్లు నటించినా చెవులు దాచుకొనలేదు.

“ఆ దెబ్బతో వరుస మొదలైంది గురూ! మా గుమ్మం దగ్గర్నుంచి ఈ బస్టాండు దాకా, బస్టాండు దాటి ఆ గోదాముల దాకా, మనిషి వెనక మనిషి. ఫోటో తీయించుకోవాలంటే తల దువ్వుకోవాలి కదా, ముందున్నవాడి తల వెనకవాడు దువ్వడమే. వరుస పొడుగైపోయి, మధ్యలో మూడు దువ్వెనల దుకాణాలు వెలిశాయి.”

“ఇంతమంది మా కొట్టు ముందే నిలబడితే, నా దగ్గరికి టీకి ఒక్కడూ రాలేదేం?” అని పిన్ని నిలదీసింది.

“ఎలా వస్తారు పిన్నీ? వరుస వదిలితే చోటు పోదూ?”

“రోజూ ఆ వీధిలోంచే బస్సు తిప్పుతున్నాను గురూ, నా కళ్ళకి ఒక్కరూ కనపళ్ళేదే!” అన్నాడు కండక్టరు.

“నీకెలా కనబడతారు? నువ్వూ ఆ వరుసలోనే ఉన్నావు. ట్రాఫిక్కనుకున్నావు! ఇంకా వినండి. ఆ వరుసలో ఒక అబ్బాయి, వాడి వెనకాల ఒక అమ్మాయి. దువ్వెన దగ్గర మాట కలిసింది. ఇటు పెద్దవాళ్ళు నాలుగడుగులు ముందు, అటు పెద్దవాళ్ళు పదడుగులు వెనక, అక్కడే మాటలయ్యాయి, అక్కడే పెళ్ళయింది. వాళ్ళకో కొడుకు పుట్టాడు. నా కుర్చీ దగ్గరికి వచ్చేసరికి వాడికి మీసాలు! జంట ఫోటోకని నిలబడ్డవాళ్ళు కుటుంబం ఫోటో తీయించుకుని వెళ్ళారు.”

“నువ్వు స్టూడియో పెట్టి ఆరు నెలలే కదటయ్యా?” అన్నది టీచరుగారు. అది ఆమె ఇటు తిరిగి పలికిన మొదటి మాట.

క్లిక్కయ్యకు ప్రాణం లేచివచ్చింది. “ఆరు నెలలేనండీ. కానీ మీరెప్పుడైనా వరుసలో నిలబడ్డారా? వరుసలో నిలబడ్డవాడి కాలం వేరు, గడియారం కాలం వేరు.”

ఆమె పెదవి ఒక అంచున కొంచెం కదలి, అంతలోనే సర్దుకొన్నది. కండక్టరు రెండవ టీ సగమైంది. క్లిక్కయ్య బల్లమీద ముందుకు జరిగాడు.

“తర్వాత బట్టతల పెద్దమనిషి ఒకాయన వచ్చారండీ. బట్టతలంటే మామూలు బట్టతల కాదు, అద్దం లేనప్పుడు ఇంట్లోవాళ్ళు దాంట్లో చూసుకుని బొట్టు పెట్టుకునేంత నున్నన. కూర్చోబెట్టి దీపం వేశాను. ఆ వెలుగు తలమీద పడి, పడ్డది పడ్డట్టు కిటికీలోంచి ఆకాశంలోకి లేచిపోయింది. పైన విమానం ఒకటి వెళ్తోంది. పైలట్టు చూశాడు, రన్వే దీపాలు వెలిగించారనుకున్నాడు, దించడం మొదలెట్టాడు! చక్రాలు కూడా బయటికొచ్చేశాయి! మా వీధి ఎంత, విమానమెంత? చటుక్కున నా టోపీ తీసి ఆయన నెత్తిన బోర్లించాను. విమానం ఇలా మా డాబా మీద ఆరేసిన దుప్పటిని రాసుకుంటూ పైకి లేచిపోయింది.”

“దుప్పటి చిరిగింది నిజమే. మా అక్క కుట్టింది,” అన్నాడు బావమరిది. అది నిజమే కాని, చిరగడానికి కారణం అతడే.

“ఏమయ్యా, ఇదంతా ఎవరికి చెబుతున్నావు? నాకా, కండక్టరుకా?” అని టీచరుగారు అడిగింది.

“ఎవరికైనా ఒకటేనండీ. గొప్ప చెప్పుకోవడం నాకు గిట్టదు. చందమామ సంగతైతే అసలు ఎవ్వరికీ చెప్పనేలేదు.”

“చందమామేమిటి?” అన్నారు పిన్ని, కండక్టరు ఒక్కసారే.

“వద్దులెండి. నమ్మరు.”

“ఇప్పటిదాకా నమ్మామనుకుంటున్నావా? చెప్పి చావు!” అన్నది పిన్ని.

క్లిక్కయ్య ఇక ఆగలేదు. “మొన్నొక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. రాత్రిళ్ళు డ్యూటీ కదండీ, పగలే వచ్చాడు. అందరికీ మేనమామ కాబట్టి, రండి మావయ్యా అని లోపలికి పిలిచాను. గుమ్మం సరిపోలేదు, కొంచెం పక్కవాటంగా తిరిగి వచ్చాడు. కూర్చుని నిట్టూర్చాడు. ఒరేయ్ అల్లుడూ, ఇంతకాలంగా అందరూ నన్ను తీస్తున్నారు కానీ, దూరం నుంచి, చెట్టు కొమ్మల సందుల్లోంచి, మబ్బు చాటు నుంచి. దగ్గర కూర్చోబెట్టి నిండు మొహం తీసినవాడు ఒక్కడు లేడురా అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దీపం ఆర్పేశాను, వెలుగు ఆయన దగ్గరే ఉందిగా! గడ్డం కొంచెం దించండి మావయ్యా అన్నాను, దించాడు. అంతే! సముద్రంలో ఆటుపోటు తలకిందులై, ఓడలన్నీ రోడ్లమీదకి వచ్చేశాయి. అయ్యో, ఎత్తండెత్తండి అన్నాను. ఎత్తాడు, నీళ్ళు వెనక్కి పోయాయి. ఒక్కో పడవ ఒక్కో మేడ మీద ఉండిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా బుగ్గమీద మచ్చ తీసేయమన్నాడు! నేను ససేమిరా ఒప్పుకోలేదు. మచ్చ తీసేస్తే పిల్లలు గుర్తుపట్టరు, మావయ్యని కాస్తా ఎవరో అనుకుంటారన్నాను. ఆలోచించాడు. నిజమేరా అన్నాడు. ఇప్పటికీ పైన ఆ మచ్చ ఉందంటే, అది నా చలవే!”

కొట్టు అంతా నవ్వుతో నిండిపోయింది. పిన్ని పమిటతో కళ్ళు తుడుచుకొన్నది. టీచరుగారు మాత్రం చేయి చాచింది.

“ఏదీ, ఆ ఫోటో చూపించు.”

“చందమామదా అండీ? అది ఆయనే పట్టుకుపోయాడండీ. చుక్కలకి చూపిస్తానని.”

“పోనీ తపాలా ఆయనది.”

క్లిక్కయ్య కాలితో తన సంచిని బల్లకిందికి నెట్టాడు. ఆ క్షణంలో, తన జీవితంలో ఒకేఒక్కసారి చురుకుదనం చూపి, బావమరిది సంచిలోనుండి ఆల్బం తీసి టీచరుగారి చేతిలో పెట్టాడు. “అన్నీ ఇందులోనే ఉన్నాయండీ.”

ఆమె ఒక్కొక్క పుట తిప్పసాగింది. కండక్టరు, పిన్ని ఇరువైపుల నుండి వంగి చూశారు. వీధికుర్చీలో తపాలా ఆయన, గడ్డం గుండెలమీదకు వాలిపోయి. క్లిక్కయ్య తల్లి, నోటిలో తమలపాకు సగంలో ఉండగా, తల పక్కకు ఒరిగి. మామగారు. ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. ఆ పైన కళ్ళు రెండూ గట్టిగా మూసి ఉన్నాయి. బావమరిది, తల వెనక్కు వేలాడదీసి, నోరు తెరిచి.

“అందరూ ధ్యానంలో ఉన్నారేంటి గురూ?” అన్నాడు కండక్టరు.

“అది కొత్త పద్ధతి. కళ్ళు మూసుకుంటేనే మనిషి మనసు కనబడుతుంది,” అన్నాడు క్లిక్కయ్య.

“ఈ అబ్బాయికి మనసు కాదయ్యా, కొండనాలుక కనబడుతోంది,” అన్నది టీచరుగారు.

తరువాతి పుట చూసి పిన్ని కెవ్వుమన్నది. “ఇది నేనే! ఈ కొట్టులోనే! ఏదో ఏనుగు కథ చెబుతూ కూర్చున్నావు, ఎప్పుడు కునుకు పట్టిందో పట్టింది. లేచి చూస్తే పాలన్నీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఫోటో తీశావని నాకెవరు చెప్పారు!”

టీచరుగారు ఆల్బం మూసింది. “నిజం చెప్పు. వీళ్ళంతా ఎందుకు నిద్రపోతున్నారు?”

పని నేర్పిన గురువు క్లిక్కయ్యకు చెప్పిన సూత్రం ఒక్కటే. కూర్చున్నవారిని మాటల్లో పెట్టు, బిగుసుకొన్న ముఖం దానంతటదే విచ్చుకొంటుంది. అందులో దోషమేమీ లేదు. దోషం శిష్యునిలో ఉన్నది. ఎదుటి మనిషి కళ్ళార్పక తననే చూస్తుంటే అతని చేతులు వణికేవి. ఆ చూపును తప్పించుకొనడానికి కథ ఎత్తుకొనేవాడు. ఎత్తుకొన్న తరువాత కొసదాకా చెప్పకుండా ఉండలేకపోయేవాడు.

“మీటెప్పుడు నొక్కుతావు?” అని ఆమె అడిగింది.

“కథ అయ్యాకండీ.”

“కథ మధ్యలో నొక్కవచ్చు కదా?”

“మధ్యలో ఎలా ఆపుతానండీ? కథ పాడైపోదూ?”

“కథ బాగుంది, మనుషులు పాడయ్యారు,” అని ఆమె లేచి నిలబడింది. “చూడు నాయనా. తరగతిలో నిద్రపోయే పిల్లల్ని లేపడంతోనే నా ఉద్యోగమంతా గడిచింది. నేనే ఆ గోడమీద కునుకు తీస్తూ కనబడితే, ఇక వాళ్ళని లేపేదెవరు? కబుర్లు చెప్పడంలో నీకు సాటి లేదు. ఫోటో మాత్రం నీ వల్ల కాదు. పద బాబూ, బస్సు తీయించు.”

కండక్టరు గ్లాసు బోర్లించి, జాలిగా క్లిక్కయ్య భుజం తట్టి, బస్సు వైపు నడిచాడు. ఆమె గొడుగు పట్టుకొని అతని వెనుకనే వెళ్ళింది. ఇంజను గుర్రుమన్నది. క్లిక్కయ్య కళ్ళ ముందు ఎత్తైన కుర్చీ తొలగిపోయి, ఆ చోట కుట్టుమిషను వచ్చి కూర్చున్నది. గొడుగు అటకమీద బూజు పట్టింది. అతడు మెడలోని కెమెరాను గట్టిగా పట్టుకొని బస్సువైపు పరుగెత్తాడు. ఏమి చేయదలచాడో అతనికే తెలియదు. చేతనైనది ఒక్కటే కనుక, అదే చేశాడు.

“టీచరుగారూ! చందమామ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, మీ గురించే ఒక మాటన్నాడండీ! ఏమన్నాడో తెలుసా?”

ఒక కాలు మెట్టుమీద పెట్టిన ఆమె వెనుదిరిగి చూసింది. అది పచ్చి అబద్ధమని ఆమెకు తెలుసు. తెలిసి కూడ తిరిగింది. కనుబొమలు రెండూ కళ్ళజోడు దాటి పైకి లేచాయి. కళ్ళు విప్పారాయి. పెదవి అంచున ఇందాక దాచుకొన్న నవ్వు, దాచవలసిన పని మరచిపోయి బయటకు వచ్చింది. బస్సు కిటికీలలోనుండి పది తలలు బయటకు వచ్చి అతనినే చూస్తున్నాయి. ఇన్ని కళ్ళు తనమీద పడడం క్లిక్కయ్య ఎన్నడూ ఎరుగడు. చేతులు వణికాయి. కాని ఎవ్వరూ నిద్రపోలేదు.

క్లిక్కుమన్నది.

“ఏమన్నాడయ్యా?” అన్నది టీచరుగారు.

క్లిక్కయ్య నోరు తెరిచాడు. మాట నాలుక చివరకు పరుగెత్తుకొని వచ్చింది. అంతలో కెమెరా వెనుకనున్న చిన్న తెరమీద ఆ ముఖం కనబడింది. అతడు చూసి, చూసి, తెరచిన నోటిని మెల్లగా మూసుకొన్నాడు.

“ఏమన్నాడని అడుగుతుంటే!”

సమాధానంగా అతడు కెమెరాను ఆమె ముందుకు చాచాడు. టీచరుగారు మెట్టు దిగి, కళ్ళజోడు సరిచేసుకొని, తెరను దగ్గరగా పట్టుకొని చాలసేపు చూసింది. బస్సు హారను మోగింది. ఆమె వినిపించుకొనలేదు.

“మొదటి బెంచీలో కూర్చున్న పిల్లలా ఉన్నాను,” అన్నది చివరకు. తరువాత గొంతు గట్టిపరచుకొన్నది. “కానీ దీన్ని గోడకి తగిలించలేం. పక్కన ఈ కండక్టరు మోచెయ్యి పడింది.”

“ఎక్కడండీ?” అని కండక్టరు దిగివచ్చి చూసుకొని, మోచెయ్యి బాగానే వచ్చిందని తృప్తిపడ్డాడు.

“పెద్ద బజారు వాడు నన్ను నిటారుగా కూర్చోబెట్టి ప్రతిసారీ పోలీసులా తీస్తాడు,” అని టీచరుగారు తనలో తాను అనుకొన్నట్లు అని, క్లిక్కయ్యవైపు తిరిగింది. “ఆదివారం పొద్దున్నే వస్తాను. ఇదే చూపు కావాలి, మోచేతులు వద్దు. సరే, ఇప్పుడు చెప్పు. ఆ మాటేమిటి?”

“ఆదివారమండీ,” అన్నాడు క్లిక్కయ్య. అంతకంటె చెప్పకుండా ఆగడానికే అతనికి ముచ్చెమటలు పోశాయి. “మా ముందుగదిలో, కుర్చీలో కూర్చున్నాక.”

బావమరిది ముందుకు వచ్చి వినయంగా చేతులు కట్టుకొన్నాడు. “టీచరుగారూ, మీరు మీ కాళ్ళతో మీరే నడిచి రావాలండీ. మా అక్క షరతు.”

“మరి నన్నెవరు మోసుకొస్తారనుకున్నావురా!” అని ఆమె గొడుగు తెరచుకొని, బస్సు ఎక్కకుండానే ఇంటిదారి పట్టింది.

“గురూ, ఇంతకీ ఏమన్నాడు? బస్సంతా అడుగుతోంది,” అని కండక్టరు మెట్టుమీద వేలాడుతూ కేకవేశాడు. క్లిక్కయ్య పెదవి విప్పలేదు. కిటికీలలో తలలను అట్లే వేలాడదీసుకొని బస్సు మలుపు తిరిగిపోయింది. కొట్టులోనుండి పిన్ని, “నాకైనా చెప్పి పోరా, రాత్రికి నిద్రపట్టదు!” అని అరుస్తూనే ఉన్నది.

బావ, బావమరిది ఇద్దరూ ఇంటిముఖం పట్టారు. క్లిక్కయ్య ఇంతసేపు మాట్లాడకుండా నడవడం బావమరిది ఏనాడూ చూడలేదు. వీధి మలుపు దాకా ఓర్చుకొని, ఇక ఉండబట్టలేక చెవిలో అడిగాడు.

“బావా, నాకు చెప్పు. ఎవ్వరికీ చెప్పను. చందమామ ఏమన్నాడు?”

“నాకేం తెలుసురా?” అన్నాడు క్లిక్కయ్య దిగాలుగా. “రేపొక్కరోజే ఉంది. ఎలాగైనా ఆయన్ని పట్టుకుని కనుక్కోవాలి.”